నా పరిచయం రాయించుకున్నాను: 3,500 రూపాయలు, 11 రోజులు, ఒక ఫోన్ కాల్

పెళ్ళి ఫొటోలు తీయడం నా పని. ఊరు రాజమండ్రి. 1999లో మా మాస్టారి స్టూడియోలో చేరినప్పుడు పొద్దున్నే ఊడ్చడం, రోల్ కడిగించడానికి కలర్ ల్యాబుకి పరిగెత్తడం, పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్ళకి దువ్వెనా పౌడరూ అందించడం నా డ్యూటీ. అక్కడి నుంచి ఇక్కడిదాకా వచ్చాను. ఇన్నేళ్ళలో నా గురించి నాలుగు వాక్యాలు రాసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. విజిటింగ్ కార్డు మీద పేరు, ఫోన్ నంబరు, కింద ‘అన్ని శుభకార్యములకు ఫొటో, వీడియో తీయబడును’. దాంతోనే ఇల్లు గడిచింది, అమ్మాయి ఇంజనీరింగ్ చదివింది.

పోయిన ఏడాది జూలైలో ఒకే వారంలో రెండు సంగతులు జరిగాయి. డాలస్‌లో ఉండే ఒకమ్మాయి చెల్లెలి పెళ్ళి గురించి వాట్సాప్‌లో మాట్లాడుతూ, ‘అంకుల్, మీ ప్రొఫైల్ పంపిస్తారా’ అంది. రేట్ల పట్టిక పంపాను. ‘ఇది కాదండీ, ప్రొఫైల్’ అంది. ఆల్బమ్ పీడీఎఫ్ పంపాను. ‘ఫొటోలు చూశానంకుల్, చాలా బాగున్నాయి. మీ గురించి కొంచెం పంపండి. అత్తగారివాళ్ళకి చూపించాలి’ అంది. రెండోది, ఆగస్టు 19 ఫొటోగ్రఫీ దినోత్సవానికి మా దగ్గర పెట్టే ప్రదర్శనలో నావి రెండు ఫొటోలు తీసుకున్నారు. 100 పదాల్లో పరిచయం, నాది ఒక ఫొటో పంపమన్నారు.

కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ‘నా పేరు ఫలానా. నేను ఫొటోగ్రాఫర్‌ని. నాకు ఈ వృత్తి అంటే ప్రాణం.’ అక్కడితో బండి ఆగిపోయింది. మా అమ్మాయి ఏదో ఏఐ యాప్‌లో అడిగితే నిమిషంలో పేజీడు ఇచ్చింది. చదివితే బానే ఉంది గానీ, నా పేరు తీసేసి భీమవరంలో ఎవరి పేరు పెట్టినా అతికినట్టు సరిపోతుంది. మా అమ్మాయే, ‘నాన్నా, ఇందులో నువ్వు లేవు’ అంది. అప్పుడు నెట్‌లో వెతికితే, ఫొటోగ్రాఫర్లకీ మేకప్ ఆర్టిస్టులకీ యాంకర్లకీ బయోలు, అంటే ఇలాంటి పరిచయాలు, రాసిపెట్టే హైదరాబాదు సర్వీసు ఒకటి దొరికింది. ఈ రివ్యూ వాళ్ళ గురించే.

వాళ్ళ పేరు ఇక్కడ రాయడం లేదు. తప్పులు చేశారు, అడిగితే దిద్దారు. ఇద్దరు ముగ్గురు నడుపుకుంటున్న చిన్న సంస్థ. ఇలాంటి సర్వీసులు ఇప్పుడు చాలానే వచ్చాయి కాబట్టి ఎవరి దగ్గరికి వెళ్ళినా ఏం అడగాలో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో తెలిస్తే చాలు.

ప్యాకేజీ 3,500. అందులో 50, 100, 300 పదాల పరిచయాలు మూడు, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. ఇన్‌స్టాగ్రామ్‌కి ఒక చిన్నది, గూగుల్ మ్యాప్స్‌లో షాపు కింద కనిపించే వివరణ ఒకటి. రెండుసార్లు మార్పులు ఉచితం. ఏడు రోజుల్లో ఇస్తామన్నారు. డబ్బు ముందే మొత్తం కట్టాలి. పెళ్ళికి మేమైతే అడ్వాన్సు తీసుకుని, మిగతాది ఆల్బమ్ ఇచ్చినప్పుడు అడుగుతాం. ఒక్కోసారి బిడ్డ అన్నప్రాసన దాకా తిప్పించుకుంటారు, అది వేరే కథ. మొత్తం ముందే కట్టించుకోవడం చూసి, ఈ వ్యాపారం మనకి ఎందుకు తట్టలేదా అనిపించింది.

కట్టగానే ఒక ఫారం పంపారు. 24 ప్రశ్నలు, అన్నీ ఇంగ్లీషులో. మీ విజన్ ఏమిటి, మీ ఫిలాసఫీ ఏమిటి, మిమ్మల్ని మూడు మాటల్లో చెప్పండి, ఇలా ఉన్నాయి. ఫిలాసఫీ దగ్గర ‘లైటింగ్’ అని రాశాను. మూడు మాటల్లో అంటే ‘టైముకి వస్తాను’ అని రాశాను. అది రెండు మాటలేనని మా అమ్మాయి నవ్వింది. కెమెరాలు ఏం వాడతారన్నచోట మాత్రం పేజీ నింపాను. సెకండ్ హ్యాండ్ నికాన్ ఎఫ్ఎమ్10 దగ్గర మొదలుపెట్టి, డీ90, ఇప్పుడున్న సోనీ, లెన్సులు, డ్రోన్, గింబల్, అన్నీ. అవార్డుల దగ్గర ఉన్నదున్నట్టు రాశాను: అసోసియేషన్ పోటీలో ఒకసారి కన్సొలేషన్ బహుమతి, ఒక సర్టిఫికెట్టు, గోడ గడియారం.

ఆరో రోజు మొదటి డ్రాఫ్టు వచ్చింది. ఇంగ్లీషుది మా అమ్మాయి చదివి అర్థం చెప్పింది. కాలాన్ని బంధించే మాంత్రికుణ్ణట. ప్రతి చిరునవ్వు వెనుక దాగిన కవిత్వాన్ని పట్టుకుంటానట. వెయ్యికి పైగా పెళ్ళిళ్ళు తీశానట. అవార్డులు గెలుచుకున్న ఫొటోగ్రాఫర్‌నట. గోడ గడియారం అవార్డులైపోయింది! ప్రదర్శనకి వచ్చేవాళ్ళలో సగం మంది ఆ పోటీలో నాతో పాటు కూర్చున్నవాళ్ళే. మొదటి బహుమతి వచ్చినాయన స్టూడియో మా వీధి చివరే ఉంది. ఈ మాట గోడకెక్కితే ఆయన నవ్వి ఊరుకుంటాడు, నేనే ఇంకో వీధిలోంచి తిరిగి వెళ్ళాల్సి వస్తుంది.

తెలుగుది చూశాక మాత్రం ఇంట్లో అందరం కాసేపు మాట్లాడలేదు. ‘ఇతను వెయ్యికి పైగా వివాహాలను కాల్చాడు’ అని ఉంది. ఇంగ్లీషులో ‘షూట్’ అన్నదాన్ని మెషీను తర్జుమా చేసి పారేసింది. ఎవరూ మళ్ళీ చదవకుండానే పంపించారు. దాని కిందే ‘నిష్కపట ఛాయాచిత్రాలలో ప్రత్యేకత’ అని ఉంది. క్యాండిడ్ అంటే పోజు పెట్టించకుండా తీసే ఫొటో అని మా పెళ్ళివాళ్ళందరికీ తెలుసు. ముత్తయిదువులు కూడా ‘క్యాండిడ్ ఆయన ఏడీ, భోజనానికి రమ్మనండి’ అని కేకేస్తారు. దానికి నిష్కపటం అని పేరు పెడితే మిగతావి కపట ఫొటోలా? ఇంకొకటి, ఇంగ్లీషు ‘బేస్డ్ ఇన్’కి తర్జుమా, ‘రాజమండ్రిలో ఆధారపడి ఉన్నాడు’. మా ఆవిడ అది విని, ‘రాజమండ్రి మీద కాదు, నా మీద ఆధారపడి ఉన్నారు, అది రాయమనండి’ అంది.

తెలుగులో బయో ఇస్తామనే సర్వీసు ఏదైనా సరే, ముందు వాళ్ళు రాసిన తెలుగు నమూనా ఒకటి పంపమనండి. పంపకపోతే ఇంగ్లీషు వరకే కొనుక్కోండి. నేను అడగలేదు, అది నా తప్పు.

ఫోన్ చేసి, మర్యాదగానే, ‘పెళ్ళిళ్ళు కాల్చాడని రాశారండి, ఈ ఊళ్ళో ఇక నాకు బుకింగులు ఎవరిస్తారు’ అన్నాను. అవతల ఉన్న కుర్రాడు సారీ చెప్పి, ‘మా సీనియర్ మేడమ్ మీతో మాట్లాడతారు సార్’ అన్నాడు. మర్నాడు సాయంత్రం ఆవిడ చేశారు. ఒకప్పుడు పత్రిక డెస్కులో పనిచేశారట. 55 నిమిషాలు మాట్లాడారు. నేను కట్టిన 3,500లో మూడు వేలు ఆ కాల్‌కే చెల్లు.

ఆవిడ ఫిలాసఫీ అడగలేదు. ‘మీ దగ్గరికి వచ్చినవాళ్ళు, ఫలానా పెళ్ళిలో ఫలానా ఫొటో చూసి వచ్చామండీ అని ఎప్పుడైనా అన్నారా’ అని అడిగారు. అన్నారు. 2006లో అమలాపురం దగ్గర ఒక పెళ్ళి. రాత్రి రెండున్నర ముహూర్తం. జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాల పళ్ళేలు తెచ్చారు, కరెంటు పోయింది. జనరేటర్ వేస్తే రెండు నిమిషాలు దగ్గి అదీ ఆగిపోయింది. వీడియో లైట్లు లేవు. నా ఫ్లాష్‌గన్‌లో సెల్స్ అయిపోవచ్చాయి, ఒక్కసారి మెరిసిందంటే మళ్ళీ నిండటానికి కుయ్యిమని పది సెకన్లు. పురోహితుడు ఆలస్యమైపోతోందంటున్నాడు. పెళ్ళికొడుకు స్నేహితులు మూడు బైకులు పందిట్లోకి తోసుకొచ్చి హెడ్‌లైట్లు వేశారు. నేను ఫ్లాష్ తీసి పక్కన పెట్టి, 50 ఎంఎం లెన్సు పూర్తిగా తెరిచి, షట్టరు సెకనులో ముప్పయ్యో వంతు పెట్టి, ఊపిరి బిగబట్టి తీశాను. రోల్‌లో మిగిలినవి పదకొండు. బైకు లైటు పసుపురంగు వెలుతురుకి తలంబ్రాల బియ్యం బంగారంలా వచ్చాయి. వెనకాల అంతా నలుపు, గాల్లో తలంబ్రాలు, పెళ్ళికూతురు ఒక కన్ను మూసుకుని నవ్వుతోంది. పదకొండింటిలో నాలుగు ఊగిపోయాయి. మిగిలిన ఏడూ ఆ ఇంటి హాల్లో ఇప్పటికీ ఫ్రేము కట్టి ఉన్నాయి. ఆ వీధిలోనే నాకు తర్వాత పది పెళ్ళిళ్ళు వచ్చాయి.

ఇదంతా చెప్పాక ఆవిడ, ‘ఫారంలో ఇది ఎందుకు రాయలేదు సార్’ అన్నారు. ‘మీరు అడగలేదు కదండీ’ అన్నాను.

మాటల్లో ఆవిడ హొమాయ్ వ్యారావాలా సంగతి చెప్పారు. మన దేశంలో మొదటి మహిళా ఫొటో జర్నలిస్టు, 2011లో పద్మవిభూషణ్ ఇచ్చారు. హొమాయ్ తనకి ‘డాల్డా 13’ అని పేరు పెట్టుకున్నారు. పుట్టింది 1913లో, కాబోయే భర్తని కలిసింది 13వ ఏట, మొదటి కారు నంబరు ప్లేటు డీఎల్‌డీ 13. మేడమ్, ‘చూడండి, ఎన్ని పొగడ్తలు రాసినా మర్చిపోతారు, ఈ పదమూడు మాత్రం మీకు రేపు కూడా గుర్తుంటుంది’ అన్నారు. నిజమే, ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను కదా.

నాకు మా మాస్టారి కవర్లు గుర్తొచ్చాయి. ఫొటోలు వేసిచ్చే ఆ కాగితం కవరు మీద స్టూడియో పేరు, వీధి పేరు, కింద ‘మరిన్ని కాపీలకు నెగెటివ్ నంబరు తెలుపగలరు’ అని ఉండేది. నెగెటివ్‌లు జాగ్రత్త చేస్తాడు అన్న ఒక్క నమ్మకంతో పదేళ్ళ తర్వాత కూడా జనం వచ్చేవారు. ఇంకా వెనక్కి వెళ్తే, నిజాం దగ్గర పనిచేసిన రాజా దీన్ దయాళ్ ఫొటోల కింది అట్ట మీద కూడా స్టూడియో పేరు, ఎవరికి ఫొటోగ్రాఫరో అచ్చేసి ఉండేది. ఆయన అంతకుముందు ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో ఉద్యోగి. ఆరో నిజాం ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చాడు. అలాంటి బిరుదుంటే నేనూ అట్ట మీద వేసుకుందును. నాకున్నది గోడ గడియారం.

‘వెయ్యికి పైగా పెళ్ళిళ్ళు అని రాశారు, అన్ని తీశానో లేదో నాకే తెలీదు’ అన్నాను. ‘అయితే లెక్కపెట్టండి, రెండు రోజులు ఆగుతాం’ అన్నారు ఆవిడ.

బీరువా మీద నుంచి బుకింగ్ డైరీలు దించాం. 2002 నుంచి ఉన్నాయి, ఒక్క 2010 డైరీ చెదలు తినేసింది. అమ్మాయీ నేనూ రెండు రాత్రులు కూర్చున్నాం. ఆషాఢం పేజీలన్నీ ఖాళీ, శ్రావణం రాగానే ఒక్కో రోజుకి రెండేసి, మూడేసి పేర్లు, అంచుల్లో ‘వీడియో తమ్ముడు’, ‘లైట్‌బాయ్ 150’, ‘బాకీ 2,000’ లాంటి రాతలు. మా పెళ్ళిరోజు నాడు కూడా ఏదో పెళ్ళే ఉంది, ప్రతి ఏడూ. ఆ పేజీలు మా ఆవిడకి చూపించలేదు. లెక్క తేలింది 612. చెదలు తిన్నవి కలిపితే ఇంకో ముప్పై ఉండొచ్చు. వెయ్యి కాదు. నాకు ఎందుకో ముందు చిన్నతనంగా అనిపించింది. తర్వాత మా అమ్మాయి ఇంకోటి పట్టుకుంది. 2003లో ఒక పెళ్ళి, 2018లో అదే ఇంటి పేరుతో ఓణీల ఫంక్షన్. అమ్మ పెళ్ళీ కూతురి ఓణీలూ రెండూ నేనే. అలాంటివి వెతికితే ఆరు ఇళ్ళు దొరికాయి. మేడమ్‌కి చెబితే, ‘ఆ వెయ్యి నాకొద్దు సార్, ఈ ఆరు చాలు’ అన్నారు.

కెమెరాల జాబితా మొత్తం తీసేశారు. దానికి నేను ఒప్పుకోలేదు. లక్షలు పోసి కొన్నాను, కనీసం ఒక్కటి ఉంచండన్నాను. ‘వంటవాళ్ళని మాట్లాడుకునేటప్పుడు గరిట ఏ కంపెనీదో అడుగుతామా సార్’ అన్నారు. కోపం వచ్చింది గానీ, నా పాత కార్డు తీసి చూస్తే దాని మీద ‘ఫుల్ హెచ్‌డీ’, ‘కరిజ్మా ఆల్బమ్ స్పెషలిస్ట్’ అని ఉంది. అప్పట్లో ఆ రెండు మాటలకి ఎంత గొప్పో. ఇప్పుడు ఫోన్లో తీసేది కూడా దానికి నాలుగింతలు. ఊరుకున్నాను.

తెలుగులో ఇంకో చిక్కు ఉంది. ఇది ఇంగ్లీషు చదువుకున్న కుర్రాళ్ళకి తట్టదు. ఇంగ్లీషు పరిచయాలు ఎవరో మూడో మనిషి రాసినట్టు ఉంటాయి. తెలుగులో అలా రాయాలంటే నన్ను నేను ఏమని పిలుచుకోవాలి? ‘ఆయన’ అంటే నాకు నేనే దండ వేసుకున్నట్టు. ‘శ్రీ ఫలానా గారు’ అంటే సన్మాన పత్రం. ‘అతను’ అంటే ఎవరో నన్ను పోలీస్ స్టేషన్లో వర్ణిస్తున్నట్టు. మొదటి డ్రాఫ్టులో ‘ఇతను’ అని ఉంది, అది మరీ ఘోరం. మేడమ్ చివరికి తెలుగువన్నీ ‘నేను’తో రాశారు. ప్రదర్శన గోడ మీద పెట్టేదానికి మాత్రం ఏ సర్వనామం లేకుండా, ‘1999 నుంచి రాజమండ్రిలో పెళ్ళి ఫొటోలు’ అని క్రియలు మింగేసి నడిపించారు. చాలా తెలివిగా చేశారు.

చివరికి వచ్చిన 50 పదాలదాన్ని మార్చకుండా ఇస్తున్నాను:

‘1999 నుంచి రాజమండ్రిలో పెళ్ళి ఫొటోలు తీస్తున్నాను. ఇప్పటికి 600 పెళ్ళిళ్ళు దాటాయి. అమ్మ పెళ్ళీ, కూతురి ఓణీల ఫంక్షనూ నేనే తీసిన ఇళ్ళు ఆరు ఉన్నాయి. 2006లో ఒక పెళ్ళిలో కరెంటు పోతే మూడు బైకుల హెడ్‌లైట్ల వెలుతురులో తలంబ్రాలు తీశాను. రెండు గోదావరి పుష్కరాలు తీశాను, ఒకటి ఫిల్ము మీద, ఒకటి డిజిటల్‌లో. గోదావరి జిల్లాల్లో ఎక్కడికైనా వస్తాను. పెళ్ళికి ముందు ఒకసారి ఇంటికొచ్చి పెద్దవాళ్ళని కలుస్తాను.’

ఆఖరి వాక్యం నేను పట్టుబట్టి పెట్టించింది. ఎవరు మేనత్తో, ఎవరు అలిగే బాబాయో ముందే తెలిస్తే సగం పని అయిపోయినట్టే. గ్రూప్ ఫొటోలో ఆ బాబాయి లేకపోతే ఆల్బమ్ ఎంత బాగున్నా ఆ ఇంట్లో నాకు మంచి పేరు రాదు. ‘గోదావరి జిల్లాల్లో’ అన్నది కూడా నా దిద్దుబాటే. వాళ్ళు ‘తూర్పు గోదావరి జిల్లా అంతటా’ అని రాశారు. 2022లో జిల్లాలు విడదీశాక అమలాపురం కోనసీమలోకి వెళ్ళింది, కాకినాడ వేరే జిల్లా అయింది. నాకు పెళ్ళిళ్ళు ఎక్కువ వచ్చేదే అటు నుంచి. హైదరాబాదులో కూర్చుని రాసేవాళ్ళకి ఇవి తెలియవు, మీరే చూసుకోవాలి.

పదాలు లెక్కపెట్టి చూశాను, సరిగ్గా 50 ఉన్నాయి. రెండు మూడు తేడా వచ్చినా ప్రదర్శనవాళ్ళు అంత పట్టించుకోరని అమ్మాయి అంది. అసలు లెక్క పట్టించుకోవాల్సింది ఇన్‌స్టాగ్రామ్‌లో. అక్కడ బయోకి 150 అక్షరాలే. అక్షరాలంటే మనం బళ్ళో నేర్చుకున్న అక్షరాలు కావు. గుణింతం గుర్తు వేరే, పొల్లు వేరే, సున్నా వేరే, అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘ఫొటోగ్రాఫర్’ కంటికి అయిదు అక్షరాలు, దాని లెక్కలో 11. ‘రాజమహేంద్రవరం’ అని రాస్తే 13, ‘రాజమండ్రి’ అంటే 9. 2015లో ఊరి పేరు మారినా ఇక్కడ ఎవరూ నోటితో మార్చలేదు, వెతికేవాళ్ళూ పాత పేరే కొడతారు. అందుకని ఇన్‌స్టాలో రాజమండ్రి, గూగుల్‌దాంట్లో రెండు పేర్లూ పెట్టారు. గూగుల్‌లో షాపు వివరణకి 750 దాకా చోటు ఉంది. అక్కడ లింకులు పెట్టకూడదు, ఆఫర్లూ రేట్లూ ఊదరగొట్టకూడదు అని వాళ్ళే చెప్పారు. నేను పెట్టిన ‘శ్రావణ మాసం 20 శాతం తగ్గింపు’ తీసేశారు. ఇది వాళ్ళకి బాగా తెలిసిన పని, ఇక్కడ పూర్తి మార్కులు.

ఇంకో మంచి పని చేశారు. పరిచయం పక్కన పెట్టడానికి అయిదు ఫొటోలు పంపితే, ‘వీటికి పెళ్ళివాళ్ళ అనుమతి ఉందా సార్’ అని అడిగారు. నేను తీసిన ఫొటోకి ఎవరి అనుమతి అనుకున్నాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఎవరో డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్ళేనట. పాతికేళ్ళుగా ఈ పనిలో ఉండి నాకు ఇది తెలియదు. అయిదు ఇళ్ళకీ ఫోన్ చేశాను. నలుగురు సంతోషంగా సరేనన్నారు. ఒకావిడ, ‘అప్పుడు లావుగా ఉన్నానండీ, అది వద్దు, సీమంతంది పెట్టండి’ అంది. సీమంతంది పెట్టాను. ఇప్పుడు బుకింగ్ ఫారంలోనే ఒక లైను కలిపి సంతకం తీసుకుంటున్నాను.

ఫొటో సంగతి. నాది ఒక ఫొటో కావాలన్నారు కదా. ఒక్కో పెళ్ళికి మూడు వేల ఫొటోలు తీసేవాణ్ణి, నాది ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప ఇంకోటి లేదు. ఉన్నవాటిల్లో మొహానికి కెమెరా అడ్డం. చివరికి అమ్మాయి ఫోన్‌తో, పెరట్లో, మధ్యాహ్నం మూడింటికి తీసింది. వెలుతురు నుదుటి మీద పడుతోంది, ఇటు జరుగు అంటే, ‘నాన్నా, నువ్వు ఊరికే నిలబడు’ అంది. ఊరికే నిలబడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అన్నేళ్ళుగా పెళ్ళికొడుకులకి ‘రిలాక్స్‌గా ఉండండి సార్’ అని చెబుతూ వచ్చాను. వాళ్ళందరికీ ఇప్పుడు సారీ.

మొత్తం అయ్యేసరికి 11 రోజులు పట్టింది. అందులో రెండు రోజులు నా డైరీలకి పోయాయి కాబట్టి ఆలస్యం వాళ్ళ ఖాతాలో రెండు రోజులే. మార్పులు రెండుసార్లే ఉచితం అన్నారు గానీ తెలుగు దరిద్రం వల్ల నాలుగుసార్లు మార్చారు, పైసా అడగలేదు. 300 పదాలది నాకు పనికిరాలేదు. అంత ఎవరూ చదవరు, అందులో రెండు చోట్ల ‘జ్ఞాపకాల పందిరి’ లాంటి మాటలు మళ్ళీ దూరాయి. ఇంగ్లీషు 100 పదాలది బాగుంది. డాలస్ అమ్మాయికి అదే పంపాను. అత్తగారివాళ్ళు బైకు హెడ్‌లైట్ల గురించే అడిగారట. బుకింగ్ ఇచ్చారు. అయితే ఆ ఇచ్చింది పరిచయం చూసో, రేటు చూసో, వాళ్ళ మావయ్య చెప్పడం వల్లో నేను చెప్పలేను. ప్రదర్శనలో మాత్రం ముగ్గురు నలుగురు ఫొటో దగ్గర కాకుండా దాని పక్కన అంటించిన పరిచయం దగ్గర నిలబడి చదవడం చూశాను. మొదటి బహుమతి ఆయన కూడా చదివి, ‘ఆ అమలాపురం పెళ్ళిలో వీడియో నాదే కదరా’ అన్నాడు. నిజమే, ఆయనదే. మర్చిపోయాను.

అయిదుకి మూడున్నర ఇస్తాను. ఆ మేడమ్ మొదటి రోజే ఫోన్ చేసి ఉంటే నాలుగున్నర. కొత్తగా మొదలుపెట్టి ఇంకా ఇరవై పెళ్ళిళ్ళు కూడా తీయనివాళ్ళు ఇంత డబ్బు పెట్టక్కర్లేదు, అది ఒక ఫ్లాష్‌కి అడ్వాన్సు అవుతుంది. ఎక్కువ ఏళ్ళు చేసి, తన గురించి చెప్పుకోవడం రానివాళ్ళు తీసుకోవచ్చు. కట్టేముందు ఒక్కటే అడగండి: ఫారమేనా, ఎవరైనా ఫోన్లో మాట్లాడతారా అని. ఫారం మాత్రమే అంటే వద్దు.

ఇంకో ఖర్చు ముందుంది. ఏడాది దాటాక ఏ మార్పు కావాలన్నా 500 అని బిల్లు కింద చిన్న అక్షరాల్లో ఉంది. పరిచయంలో ‘రెండు గోదావరి పుష్కరాలు’ అని రాయించుకున్నాను కదా, 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. ‘మూడు’ అని మార్చడానికి ఆ 500 ఎందుకు, ఆ ఒక్క మాట నేనే మారుస్తానంటే, మా అమ్మాయి ఫైలు తెరిచి, ‘అక్కడ ఒకటి ఫిల్ము మీద, ఒకటి డిజిటల్‌లో అని ఉంది నాన్నా, అదీ మార్చాలి’ అంది.